ఆ పేజీన్నర తీసెయ్యి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల పూర్తిగా చదివాను. మీ తాతయ్య పద్యనాటకాల రోజులు, రాత్రి ప్రయాణాలు, రంగు పూసుకునే చోట చిన్న చిన్న తగాదాలు బాగా పట్టుకున్నావు. కానీ చివరి అధ్యాయంలో ఆయన చేత దేశం గురించి పేజీన్నర మాట్లాడించావు. అక్కడ తాతయ్య కనబడడం మానేశాడమ్మా, నువ్వు కనబడ్డావు. ముందు ఆ పేజీన్నర తీసెయ్యి.

ఎందుకో చెప్తాను. 1942లో వచ్చిన ‘యాంకీ డూడుల్ డాండీ’ అనే అమెరికన్ సినిమా ఒకసారి చూడు. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో నాటకాలు, పాటలు రాసి, తనే ఆడి పాడిన జార్జ్ ఎం. కోహన్ జీవితం అది. అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన రోజుల్లో తీశారు. దేశమంతా యుద్ధం టెన్షన్‌లో ఉంది, సినిమా నిండా జెండాలే. అయినా అది నాకు ప్రచారంలా అనిపించదు. దర్శకుడు మైకేల్ కర్టిజ్ మనకు ముందు ఒక నాటక కుటుంబాన్ని పరిచయం చేశాడు.

అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు ఊరూరా తిరిగి ఆడుతుంటారు. ఆట అయ్యాక జార్జ్ ముందుకొచ్చి అమ్మ తరఫున, నాన్న తరఫున, తోబుట్టువు తరఫున, తన తరఫున జనానికి కృతజ్ఞతలు చెప్తాడు. మొదట్లో అది వట్టి స్టేజీ మర్యాద. తర్వాత తండ్రి చివరి ఘడియల్లో, మంచం పక్కన కూర్చుని, జార్జ్ వేషం వేసిన జేమ్స్ కాగ్నీ అవే మాటలు ఒక్కొక్కటే అంటాడు. అని, ఏడ్చేస్తాడు. ఆఖరికి వైట్‌హౌస్‌లో పతకం అందుకుని ప్రెసిడెంట్ దగ్గర సెలవు తీసుకునేటప్పుడూ అవే మాటలు. (రూజ్‌వెల్ట్ ముఖం మనకు చూపించరు, వెనక నుంచే కనిపిస్తాడు. అదీ గమనించు.) వాక్యం మారలేదు, దాని కింద ఒక కుటుంబం బతుకంతా వచ్చి చేరింది. అప్పుడు ఆ మనిషి దేశానికి దణ్ణం పెడితే మనం నమ్ముతాం.

బయటికి వస్తూ మెట్ల మీద డాన్సు చేసుకుంటూ దిగుతాడు. అది అప్పటికప్పుడు తట్టి చేసిందేనని కాగ్నీ తర్వాత చెప్పుకున్నాడు. వీధిలో సైనికులు పాడుకుంటూ వెళ్తున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాట, 1917లో కోహన్ రాసిందే. ఈయన వాళ్లలో కలుస్తాడు. పక్కనున్న కుర్రాడు, ఈ పాట గుర్తులేదా పెద్దాయనా అన్నట్టు అడుగుతాడు. తను ఎవరో ఆయన చెప్పడు. చెప్పి ఉంటే ఆ సీను చచ్చిపోయేది.

మీ తాతయ్యకీ అలాంటిది ఉంది, నువ్వే రాశావు. జనం వన్స్‌మోర్ అని అరిచారని ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ ఆగు. పద్యం ఎలా ఎత్తుకున్నాడు, రాగం ఎక్కడ లాగాడు, హార్మోనిస్టు వైపు ఎందుకు చూశాడు, రెండోసారి పాడేటప్పుడు గొంతు ఎలా ఉంది, అవన్నీ రాయి. ఆ రోజుల్లో జనం ఆ పద్యాన్నే ఎందుకు మళ్లీ అడిగారో చదివేవాళ్లకి అర్థమవుతుంది.

ఇంకొకటి, ఇందులో మాత్రం ఆ సినిమాని అనుసరించకు. 1919లో అమెరికా రంగస్థల నటులు సమ్మె చేస్తే కోహన్ నిర్మాతల వైపు నిలబడ్డాడు. తోటి నటులు చాలామంది ఆయనకు దూరమయ్యారు. సినిమాలో ఆ ఊసే లేదు. నిజ జీవితంలో ఆయనకు రెండు పెళ్లిళ్లు, తెరమీద మాత్రం మేరీ అనే ఒక్క భార్యే. కోహన్ అప్పటికి బతికే ఉన్నాడు, సినిమా వచ్చిన ఏడాదే నవంబరులో పోయాడు. సినిమా తీసినవాళ్ల ఇబ్బంది వాళ్లది. నీకు అలాంటి మొహమాటం అక్కర్లేదు. జీతాల గొడవలో తాతయ్య తోటి నటుల్ని వదిలేసి నాటక సమాజం యజమాని పక్కన నిలబడ్డాడని రెండు వాక్యాల్లో తేల్చేశావు. నాకు ఆ రాత్రి మొత్తం కావాలి. ఎవరు ఏమన్నారు, మర్నాడు ఎవరు పలకరించలేదు, ఇంట్లో అమ్మమ్మ ఏమంది. ఆయన మీద నీకున్న ప్రేమ ఎక్కడికీ పోదు. పాఠకుడికి మాత్రం ఆయన మీద నమ్మకం అక్కడే కుదురుతుంది.

ముందు ఆ జీతాల గొడవ అధ్యాయం రాసి పంపు. చివరిది దాని తర్వాత చూద్దాం.