సెల్లార్‌లో పిల్లులు పెరిగిపోతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వీధి పిల్లులు బాగా ఎక్కువైపోయాయండీ. రాత్రంతా అరుపులు, కార్ల దగ్గర ఒకటే కంపు. రోజూ కాస్త అన్నం పెడతానని అందరూ నన్నే అంటున్నారు. అసోసియేషన్ వాళ్ళేమో గోనెసంచుల్లో పట్టించి ఊరి బయట వదిలేద్దామంటున్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయిస్తే నిజంగా తగ్గుతాయా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తగ్గుతాయండీ, కానీ ఒకటో రెండో చేయించి ఆపేస్తే తగ్గవు. ముందు ఆ గోనెసంచుల పని ఆపించండి. ఇవి పోయినా తిండీ చోటూ అలాగే ఉంటాయి కాబట్టి పక్క వీధివి వచ్చి చేరతాయి, పైగా తిండీ నీళ్ళూ దొరక్క అల్లాడిపోయే చోట వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, ఈ మాట మీటింగ్‌లో గట్టిగా చెప్పండి.

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెలలు మోసి నాలుగైదు పిల్లల్ని పెట్టేస్తుంది, వాటికి పాలిస్తూనే మళ్ళీ చూలు కట్టేస్తుంది పాపం. అందుకే ముందు ఆడవాటికి చేయించండి, ఎన్ని గండుపిల్లులకి చేయించినా ఒక్కటి మిగిలితే చాలు మళ్ళీ మొదలు. గండువాటికీ చేయిస్తే కొట్లాటలు, ఆ కంపు చాలావరకు పోతాయి, కాకపోతే కొన్ని వారాలు పడుతుంది.

మీరు అన్నం పెట్టడం తప్పు కాదండీ, పట్టడానికి అదే ఆధారం. రోజూ ఒకే టైముకి, తలుపు పడకుండా కట్టేసిన బోనులోనే పెట్టి అలవాటు చేయండి. పట్టేరోజు ముందు రాత్రి నుంచి మాత్రం వాచ్‌మన్‌తో సహా ఎవరూ ఏమీ పెట్టకూడదు. పొద్దున్నే తలుపు కట్టు విప్పేసి బోను చివర ఓ చేపముక్క పెడితే ఆకలికి తప్పకుండా వస్తాయి. తలుపు పడగానే ఊచలకేసి కొట్టుకుంటుంది, పాత దుప్పటి మొత్తం కప్పేయండి, కాసేపటికి సర్దుకుంటుంది. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, గీరినా కరిచినా సబ్బుతో బాగా కడుక్కుని రేబిస్ ఇంజెక్షన్‌కి వెళ్ళాల్సిందే.

ఆపరేషన్ చేసే డాక్టర్‌ని కరిగిపోయే కుట్లు వేయమనండి, మత్తులో ఉండగానే చెవి కొన కాస్త కత్తిరించమనండి, ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలుస్తుంది, లేకపోతే అదే పిల్లిని మళ్ళీ పట్టి కోసే ప్రమాదం ఉంది. మామూలుగా గండుపిల్లిని మర్నాడు, ఆడదాన్ని రెండు మూడు రోజులు చూసి, పట్టిన చోటే వదలాలి. పాలిచ్చే తల్లయితే డాక్టర్‌కి ముందే చెప్పండి, పిల్లలు ఎదురుచూస్తుంటాయి కదా, త్వరగా వదలాలి. నొప్పిగా ఉందేమోనని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం అస్సలు వేయకండి, పిల్లులకి అది విషం.