9 గంటల లేఓవర్‌లో తమ్ముణ్ని చూసి రావచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, నెలలు నిండుతున్నాయి, పురుడు పొయ్యడానికి మావారూ నేనూ వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఒకే టికెట్. దుబాయ్‌లో పొద్దున దిగితే 9 గంటల తర్వాత రెండో విమానం. మా తమ్ముడు షార్జాలో ఉంటాడు, వాణ్ని చూసి నాలుగేళ్లయింది. ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టి మళ్లీ దింపేస్తానంటున్నాడు. మావారేమో విమానం తప్పిపోతే ఎవరిది బాధ్యత, అక్కడి నుంచి కదిలేది లేదంటున్నారు. పోనీ తమ్ముడే లోపలికి రాలేడా? వాడికోసం ఆవకాయ కూడా పట్టుకెళ్తున్నాను. ఏం చెయ్యమంటారు?
— ఓ అక్క, విజయవాడ

జవాబు: మీవారి భయం ఊరికే వచ్చింది కాదు గానీ, 9 గంటలంటే బయటికి వెళ్లి రావడానికి సరిపోయే టైమే. అయితే మీ తమ్ముడి ప్లాను మాత్రం మార్చాలి. భోజనం షార్జాలో వద్దు, క్యారేజీ కట్టుకుని వాళ్లనే దుబాయ్ రమ్మనండి.

తమ్ముడు లోపలికి రాలేడు. ట్రాన్సిట్ ఏరియాలో బోర్డింగ్ పాస్ ఉన్నవాళ్లే తిరుగుతారు, బతిమాలినా పని కాదు. కాబట్టి మీరే బయటికి రావాలి, దానికి వీసా కావాలి. మీ ఇద్దరికీ అమెరికా వీసా ఉంది కదా, అదిక్కడ బాగా పనికొస్తుంది. మన పాస్‌పోర్ట్ మీద అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉండి, దానికీ పాస్‌పోర్ట్‌కీ కనీసం 6 నెలల గడువు మిగిలుంటే, యూఏఈలో 14 రోజుల వీసా ఆన్ అరైవల్ తీసుకోవచ్చు. ఫీజు ఉంటుంది. దిగాక కౌంటర్ దగ్గర నిలబడే కన్నా ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకుని కాగితం ప్రింటు తీసుకెళ్లండి, ఈ రూల్సు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న విమాన సంస్థ వెబ్‌సైట్ కూడా బయల్దేరే వారం ముందు ఒకసారి చూడండి.

ఇక లెక్క. టికెట్ మీద 9 గంటలని ఉన్నా మీ చేతిలో ఉండేది అంత కాదు. దిగి నడిచి (దుబాయ్‌లో ఈ నడక తక్కువేం కాదు, టెర్మినల్ 3లో ఒక్కోసారి లోపలే రైలు కూడా ఎక్కాలి) ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చేసరికి గంటన్నర పోయిందనుకోండి. తిరిగి 3 గంటల ముందు టెర్మినల్‌లో ఉండాలి, ఎందుకంటే మళ్లీ పాస్‌పోర్ట్ చెకింగ్, సెక్యూరిటీ, పైగా అమెరికా విమానాలకి గేటు దగ్గర ఇంకోసారి తనిఖీ ఉంటుంది, ఆ క్యూ ఎంత ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అంటే మిగిలేది నాలుగున్నర గంటలు. షార్జా మ్యాప్‌లో పక్కనే కనిపిస్తుంది, నిజంగా పక్కనే, కానీ ఆ రెండు ఊళ్ల మధ్య ట్రాఫిక్ సంగతి మీ తమ్ముణ్నే అడగండి, రోజూ తిట్టుకునేది అతనే. ఆ రోడ్డు మీద ఇరుక్కుని మీవారు నిమిషానికోసారి వాచీ చూసుకుంటుంటే మీకు ముద్ద దిగుతుందా?

తమ్ముడు వస్తే ఇరుక్కునేది అతను, మీరు కాదు. అరైవల్స్ దగ్గరే కూర్చుని మాట్లాడుకోవచ్చు, లేదా దేరా సిటీ సెంటర్ మాల్‌కి వెళ్లండి, మెట్రో రెడ్ లైన్‌లో టెర్మినల్ 3 నుంచి నాలుగు స్టేషన్ల లోపే. ఎయిర్‌పోర్ట్ టాక్సీ అయితే మీటరే 25 దిర్హమ్‌లతో మొదలవుతుంది, తమ్ముడికి కారుంటే ఆ గొడవే లేదు. అన్నట్టు మీ ప్రయాణం ఏ వారమో చూసుకున్నారా? 2022 జనవరి నుంచి దుబాయ్‌లో వారాంతపు సెలవు శని, ఆదివారాలు, షార్జా ప్రభుత్వ ఆఫీసులకి మాత్రం శుక్రవారం కూడా సెలవే, తమ్ముడికి ఏవో అడగండి. వేరే రోజైతే అతను ముందే లీవు పెట్టుకోవాలి.

వీల్‌చెయిర్ బుక్ చేసుకున్నారా? మన పెద్దవాళ్లు అమెరికా వెళ్తే దాదాపు అందరూ చేసుకుంటారు. అయితే విమానం దిగగానే బయటికి వెళ్తున్నామని వాళ్లకి చెప్పండి, లేకపోతే మిమ్మల్ని కూర్చోబెట్టుకుని తిన్నగా తర్వాతి గేటు వైపు తోసుకుపోతారు. హైదరాబాద్‌లో ఇచ్చిన రెండో బోర్డింగ్ పాస్ పారేసుకోకండి, తిరిగొచ్చేటప్పుడు చెకిన్ కౌంటర్ అక్కర్లేకుండా అదే లోపలికి తీసుకెళ్తుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను, నవ్వకండి. ఒకసారి ఇలాగే 6 గంటల లేఓవర్‌లో మా పిన్నిని కలుద్దామని బయటికొచ్చాను. నేను ఒక టెర్మినల్ అరైవల్స్‌లో, ఆవిడ ఇంకో టెర్మినల్ అరైవల్స్‌లో, ఇద్దరం "గేటు ముందే ఉన్నా, కనపడవేం" అని మెసేజులు పెట్టుకుంటూ గంటకు పైగా నిలబడ్డాం. చివరికి కలిసింది 20 నిమిషాలు, అందులో పది నిమిషాలు తప్పెవరిదన్న వాదనే. టెర్మినల్ నంబర్ ఆవిడకి చెప్పంది నేనే. మీరు విమానం నంబర్, టెర్మినల్ నంబర్ రెండూ ఇప్పుడే తమ్ముడికి పంపేయండి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు, మెసేజులు, వాయిస్ మెసేజులు మాత్రం వెళ్తాయి. ఎయిర్‌పోర్ట్‌లో వైఫై ఉచితం కాబట్టి దిగగానే ఒక మెసేజ్ పడేయండి. అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనక, మీ వాచీ మీద లెక్కలు కట్టొద్దు.

ఆవకాయ విషయానికొస్తే కొంచెం బాధగానే చెప్పాలి. మీ పెద్ద సూట్‌కేసులు హైదరాబాద్‌లో వేస్తే డల్లాస్‌లోనే కనిపిస్తాయి, దుబాయ్‌లో మీ చేతికి రావు. అందులో పెడితే తమ్ముడి జాడీ మేనకోడలింటికి చేరుతుంది. పోనీ చేతి బ్యాగ్‌లో పెడదామా అంటే నూనె తేలే పచ్చడిని సెక్యూరిటీలో ఆపేస్తారు, 100 మిల్లీలీటర్ల రూలు దానికీ వర్తిస్తుంది. నేరుగా షార్జా వెళ్లేవాళ్లెవరైనా ఉంటే వాళ్లతో పంపండి. మీ చేతి బ్యాగ్‌లో సున్నుండలో, అరిసెలో, జంతికలో పెట్టుకోండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా: గసగసాలు పట్టుకెళ్లొద్దు, మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. మనకు అవి వంటింటి దినుసు, యూఏఈలో నిషేధించిన సరుకు, దొరికితే కేసవుతుంది. బీపీ, షుగర్ మాత్రలకి డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి, నొప్పుల మాత్రల్లో ట్రమడాల్, కోడీన్ లాంటివి ఉంటే ముందే అనుమతి తీసుకోవాలి.

తిరుగు ప్రయాణం టికెట్ ఇంకా కొనకపోతే ఒక పని చెయ్యండి. ఏజెంటుతో దుబాయ్‌లో రెండు రోజులు స్టాప్‌ఓవర్ కావాలని చెప్పండి. 24 గంటలు దాటితే టికెట్ ధర కొంత మారొచ్చు, కానీ పెట్టెలు మీ చేతికొస్తాయి, షార్జాలో తమ్ముడింట్లో రెండు పూటలు ప్రశాంతంగా తినొచ్చు. వీసా లెక్కలు అప్పటికి మళ్లీ చూసుకోండి.

ప్రశ్న: నేను కువైట్ నుంచి, మా అన్న హ్యూస్టన్ నుంచి చెల్లె పెళ్లికి వస్తున్నం. ఇద్దరం దోహాలోనే మారాలె. అక్కడ కలవాలంటే వీసా కావాల్నా?
— ఓ తమ్ముడు, జగిత్యాల

జవాబు: అక్కర్లేదు. ఇద్దరూ ట్రాన్సిట్‌లోనే ఉంటారు కాబట్టి లోపలే కలుసుకోవచ్చు. దోహా హమద్ ఎయిర్‌పోర్ట్‌లో ఇంకో సుఖం, టెర్మినల్ ఒక్కటే, మా పిన్ని కథ అక్కడ జరగదు. డ్యూటీ ఫ్రీ దగ్గర కలుద్దాం అని మాత్రం అనుకోకండి, అక్కడ ఎటు చూసినా డ్యూటీ ఫ్రీయే. మధ్యలో తల మీద దీపం ఉన్న పసుప్పచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, దాదాపు 7 మీటర్ల ఎత్తు, ఎవర్నడిగినా చూపిస్తారు. దాని కింద నిలబడండి. అక్కడి నుంచి హైదరాబాద్‌కి ఇద్దరిదీ ఒకే విమానమైతే ఆన్‌లైన్ చెకిన్‌లోనే పక్కపక్క సీట్లు పెట్టుకోండి. అన్న అప్పటికే పదహారు గంటలకు అటూఇటూ ప్రయాణం చేసి వస్తాడు, మాటల మధ్యలో నిద్రపోతే ఏమనుకోవద్దు.

ప్రశ్న: మా మనవడు విశాఖ నుంచి బెంగళూరు వెళ్తూ శంషాబాద్‌లో మూడు గంటలు ఆగుతాడట. నాకు 74 ఏళ్లు. లోపలికి వెళ్లి చూసి రావచ్చా?
— ఓ తాతయ్య, మహబూబ్‌నగర్

జవాబు: తాతగారూ, టికెట్ లేకుండా టెర్మినల్‌లోకి పోనివ్వరు. కానీ మనవడు దేశంలోపలి విమానాల్లోనే తిరుగుతున్నాడు కదా, అతనే బయటికి రావచ్చు, వీసాల గొడవ లేదు. ఒకే టికెట్ అయితే పెద్ద బ్యాగ్ నేరుగా బెంగళూరు పోతుంది, చేతి సంచీతో కింద అరైవల్స్ నుంచి బయటికొచ్చి మిమ్మల్ని కలుస్తాడు. తిరిగి వెళ్లేది పై అంతస్తులోని డిపార్చర్స్ నుంచి, గుర్తింపు కార్డూ రెండో విమానం బోర్డింగ్ పాసూ చూపించి. గేటు 25 నిమిషాల ముందే మూసేస్తారు, సెక్యూరిటీ క్యూ కూడా ఉంటుంది కాబట్టి గంటంబావు, గంటన్నర మీ ఇద్దరిదీ అనుకోండి. విశాఖ విమానం ఆలస్యమైతే అందులోంచే తరుగుతుంది, కాబట్టి బయల్దేరిందో లేదో మనవడు ఫోన్ చేశాకే ఇంట్లోంచి కదలండి. మీకు ఊళ్లోకి పోయే పని కూడా లేదు, 44వ నంబర్ హైవే మీద వస్తుంటే నగరం కన్నా ముందే శంషాబాద్ తగులుతుంది. ఎవర్నైనా తోడు తెచ్చుకోండి, పార్కింగ్ నుంచి నడక కాస్త ఎక్కువే.