యూనిఫాం విప్పాక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మాజీ సైనికులవీ, వాళ్ల ఇంట్లోవాళ్లవీ. సైన్యం నుంచి వ్యాపారంలోకి, వ్యాపారం నుంచి సేవలోకి వెళ్లే దారి గురించే అందరూ అడిగారు. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా ఆయన హవల్దారు, వయసు 44. వచ్చే ఏడాది పెన్షన్‌ మీద వస్తున్నారు. కమ్యుటేషన్ తీసుకుని, గ్రాట్యుటీ కూడా కలిపి మిర్చి కొని ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెడితే ఏడాదిలో రెట్టింపవుతుందని మా మేనమామ పట్టుబడుతున్నాడు. ఏం చేయమంటారు? - ఒక సోదరి, పొన్నూరు

జవాబు: అమ్మా, ముందు కమ్యుటేషన్ లెక్క చూడండి. పెన్షన్‌లో కొంత వదులుకుని, బదులుగా ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడమే కమ్యుటేషన్. సైనికులు పెన్షన్‌లో సగం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు. ఆ భాగం 15 ఏళ్ల తర్వాతే తిరిగి కలుస్తుంది. మీవారి వయసులో, వదులుకున్న ఏడాది పెన్షన్‌కు దాదాపు తొమ్మిది రెట్లు చేతికొస్తుంది. అంటే నెలకు 10,000 వదులుకుంటే ఇప్పుడు వచ్చేది సుమారు 10 లక్షల 80 వేలు, 15 ఏళ్లలో పోయేది 18 లక్షలు. ఇల్లు కట్టడానికో, వడ్డీ అప్పు తీర్చడానికో అయితే ఇది మంచి బేరమే. ఆ డబ్బును తెలియని సరుకులో పెడితే మాత్రం పెన్షన్‌ను పందెం కాసినట్టు.

మిర్చి చెడ్డ వ్యాపారమని మేమనడం లేదు. గుంటూరు యార్డులో తరాలుగా బతుకుతున్నవాళ్లున్నారు. కానీ వాళ్లకు తేజ, 334 అనే మిర్చి రకాల తేడా చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, టిక్కీ (మిర్చి బస్తా) విప్పగానే తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంతుందో కనపడుతుంది, తేమ ఎక్కువున్న సరుకు ఏసీలో ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసు. కొత్తవాళ్లు దెబ్బతినేది అక్కడే. నిల్వ పెరిగేకొద్దీ రంగు దిగుతుంది, ఫిబ్రవరి నుంచి కొత్త పంట వస్తే పాత ఏసీ సరుకును అడిగేవాళ్లు తగ్గుతారు. కోల్డ్ స్టోరేజీ అద్దె, హమాలీ, కమీషన్, బీమా, వడ్డీ మాత్రం ధరతో పనిలేకుండా నడుస్తూనే ఉంటాయి. చేయాలనే ఉంటే మీవారు ముందు ఒక సీజన్ మొత్తం కమీషన్ కొట్టులో కూర్చుని పని నేర్చుకోవాలి. ఆ తర్వాత కొద్ది టిక్కీలతో మొదలుపెట్టాలి. స్టోరేజీ బాండు (సరుకు నిల్వకు ఇచ్చే రసీదు) మీవారి పేరున ఉందో లేదో, బీమా ఎవరి పేరున ఉందో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. మేనమామ పేరున బాండు రాయించి తర్వాత సర్దుకుందామనుకునే పద్ధతి వద్దేవద్దు. చుట్టరికం చెడేది సరిగ్గా అక్కడే.

ఇంకో మాట. సీనియర్ సిటిజన్ పొదుపు పథకం మాజీ సైనికులకు 50 ఏళ్లు నిండగానే తెరుచుకుంటుంది. అందరిలా 60 వరకు ఆగక్కర్లేదు. మీవారికి ఆరేళ్లు ఆగితే చాలు. అప్పటిదాకా గ్రాట్యుటీలో పెద్ద భాగాన్ని బ్యాంకు డిపాజిట్లలో, పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో ఉంచండి. పెన్షన్ ఖాతా, వ్యాపారం ఖాతా వేరువేరుగా ఉండాలి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి డబ్బు మార్చాలంటే ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ సీక్యూఎంహెచ్‌ని (కంపెనీ స్టోర్సు చూసే హవల్దారుని). విజయవాడలో నాలుగు కంపెనీలకు బయోడేటా పంపితే ఒక్కటీ పిలవలేదు. చివరికి సెక్యూరిటీ గార్డు ఉద్యోగమే ఇస్తామన్నారు. - ఒక పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్

జవాబు: మీ బయోడేటాలో "కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్, 7 ఏళ్లు" అని రాసి ఉంటే చదివినవాళ్లకు అందులో ఏమీ కనపడదు. అదే పనిని ఇలా రాయండి: "సుమారు 120 మంది ఉన్న విభాగానికి రేషన్, దుస్తులు, ఆయుధాల స్టోర్సు చూశాను. లెడ్జర్ నిర్వహణ, నెలవారీ స్టాకు తనిఖీ, పాడైన సామాను కండెమ్నేషన్ బోర్డు పనులు. ఆడిట్‌లో తేడా రాలేదు." ఇది చదివిన గొల్లపూడి హోల్‌సేల్ వ్యాపారి మిమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టడు, గోడౌన్ తాళాలు ఇస్తాడు. మందుల పంపిణీ, విత్తనాల కంపెనీ, ఆటోనగర్ స్పేర్ పార్టుల గోడౌన్లకు ఇలాంటి మనిషి దొరకడం కష్టం. ఒక్క లోటుంటుంది: కంప్యూటర్‌లో స్టాకు ఎక్కించడం. ట్యాలీ, ఎక్సెల్ మూడు నెలలు నేర్చుకోండి. అందుకు వెనకాడేవాళ్లే గార్డు ఉద్యోగంతో ఆగిపోతున్నారు.

ఇంకా సర్వీసులో ఉన్నవారికి: పునరావాస డైరెక్టరేట్, అంటే డీజీఆర్, రిటైర్మెంటుకు ముందు కోర్సులు నడుపుతుంది. యూనిట్‌లో పేరు ముందే ఇవ్వాలి. చివరి నెలలో అడిగితే సీట్లుండవు.

ప్రభుత్వ ఉద్యోగాలకు: కేంద్రంలో గ్రూప్ సీ (గుమాస్తా, సహాయక స్థాయి) ఉద్యోగాల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో ఆ స్థాయి పోస్టుల్లో 14.5 శాతం, మన రాష్ట్రంలో 2 శాతం రిజర్వేషన్ ఉంది. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసున్నవారిని డిగ్రీ అడిగే అనేక గ్రూప్ సీ పోస్టులకు అర్హులుగా చూస్తారు. కేంద్ర ఉద్యోగాలకు వయసులోంచి మీ సర్వీసును, ఇంకో మూడేళ్లను తీసేసి లెక్క కడతారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు, గుర్తింపు కార్డు, డిశ్చార్జి బుక్కులో పేరు స్పెల్లింగు ఆధార్‌తో కలవడం: ఈ మూడూ సరిచూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి. ఎంపికయ్యాక కాగితాల పరిశీలనలో పోయేవాళ్లలో ఎక్కువమంది స్పెల్లింగు దగ్గరే పోతున్నారు.

ప్రశ్న: మేజరుగా రిటైరయ్యాను. విజయవాడలో సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాలని ఉంది. ఎంత పెట్టుబడి కావాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి? - ఒక పాఠకుడు, బెంజ్ సర్కిల్

జవాబు: లైసెన్సు దగ్గర మొదలుపెడదాం. 2005 ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద, అందరూ పసారా అనే లైసెన్సు తప్పనిసరి. చట్టంలో రాసిన ఫీజు ఒక జిల్లాకైతే 5,000, రెండు నుంచి ఐదు జిల్లాలకైతే 10,000, రాష్ట్రమంతటికీ అయితే 25,000 రూపాయలు. గడువు ఐదేళ్లు. గార్డులకు శిక్షణ తప్పనిసరి: మామూలు వాళ్లకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డు చాలు.

ఇవన్నీ మీరు తేలిగ్గానే దాటతారు. ఏజెన్సీలు మునిగేది కొటేషన్ దగ్గర. ఒక లెక్క చూడండి. గార్డు జీతం 15,000 అనుకుందాం. పీఎఫ్‌లో యజమాని వాటా చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, దాదాపు 488. బోనస్ 8.33 శాతం, దాదాపు 1,250. ఇప్పటికే 18,688 అయింది. గార్డుకు వారానికో సెలవుంటుంది కానీ గేటుకు సెలవుండదు. ఆ రోజు నిలబడే రిలీవరుకు ఇంకో ఆరోవంతు. ఒక్క పోస్టు ఖర్చు 21,800 దగ్గరికి వచ్చింది. ఇంకా యూనిఫాం, సూపర్‌వైజరు, ఆఫీసు అద్దె, మీ లాభం కలపలేదు. ఊళ్లో 18,000కే ఒప్పుకునే ఏజెన్సీ ఉందంటే అది పీఎఫ్ ఎగ్గొడుతోంది, లేదా ఎనిమిది గంటల మనిషిని పన్నెండు గంటలు నిలబెట్టి ఓవర్‌టైమ్ ఇవ్వడం లేదు. ఆ రేటుతో పోటీకి దిగకండి. పీఎఫ్ బకాయి నోటీసు రెండు మూడేళ్ల తర్వాత వడ్డీ, జరిమానాలతో కలిసి వస్తుంది. ఆ రోజు మీ సంతకమే అడుగుతారు.

రెండోది చేతిలో తిరిగే డబ్బు. జీతాలు ప్రతి నెలా మొదటి వారంలో ఇవ్వాల్సిందే. ఆస్పత్రి, అపార్ట్‌మెంట్, కాలేజీ బిల్లు కట్టేది 45 నుంచి 60 రోజులకు. 30 పోస్టులుంటే ఒక్క నెలకే ఆరున్నర లక్షలు, కాబట్టి కనీసం రెండు నెలలది, 13 లక్షలు, చేతిలో లేకుండా 30 పోస్టులు ఒప్పుకోవద్దు. ఐదు పోస్టులతో మొదలుపెట్టండి. చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు మొదటి రోజే చేయించండి. చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలన్న 2006 చట్టం మీకు అండగా ఉంటుంది, ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి.

మూడోది జీఎస్టీ. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే 18 శాతం మీరే వసూలు చేసి, ఖాతాదారు కట్టినా కట్టకపోయినా వచ్చే నెల 20లోపు కట్టాలి. సొంత పేరుతోనో భాగస్వామ్యంలోనో ఉంటే, జీఎస్టీ నమోదున్న ఖాతాదారే రివర్స్ చార్జి కింద నేరుగా కడతాడు. తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టేవారికి ఇది చాలా ఊరట. అయితే డీజీఆర్ ఎంప్యానెల్‌మెంటు, అంటే వాళ్ల ఆమోదిత ఏజెన్సీల జాబితాలో చోటు, కోసం చూస్తున్నట్టయితే సంస్థ ఏ రూపంలో ఉండాలో ముందే డీజీఆర్‌ను అడగండి. అందులో గార్డుల్లో 90 శాతం మాజీ సైనికులుండాలి. రేట్లు డీజీఆర్ నిర్ణయించినవే కాబట్టి రేటు తగ్గించుకునే పోటీ ఉండదు.

ప్రశ్న: ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు చూస్తున్నాను. ఆర్మీలో ఒక్క మాటకు పని అయ్యేది. ఇక్కడ కుర్రాళ్లు నెలకే మానేస్తున్నారు. - ఒక జేసీవో, విజయవాడ

జవాబు: సైన్యంలో మీ మాట వెనక ర్యాంకు ఉంది, చట్టం ఉంది, మనిషి వెళ్లిపోలేడు. ఆటోనగర్‌లో కుర్రాడికి పక్క షెడ్డులోనే ఇంకో పని రెడీగా ఉంటుంది. మీరు మార్చుకోవాల్సింది ఒక్కటే. పది మంది ముందు తిట్టకండి, పక్కకు పిలిచి చెప్పండి. సైన్యం నేర్పిన మిగతావన్నీ ఇక్కడ బంగారమే: పొద్దున పది నిమిషాల బ్రీఫింగు, డ్యూటీ రోస్టరు గోడ మీద, లోడు ఎక్కిన సమయం రిజిస్టరులో, ఇంట్లో కష్టం ఉందంటే ముందు సెలవు.

ప్రశ్న: సైన్యం, వ్యాపారం, సేవ మూడింటికీ సంబంధించిన నాయకుల గురించి ఎన్‌సీసీ సెమినారులో మాట్లాడాలి. ఎవరిని తీసుకోవాలి? - ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఇద్దరిని పక్కపక్కన పెట్టు తల్లీ. కెప్టెన్ గోపీనాథ్ 1971 యుద్ధంలో ఉన్నారు. ఇరవై ఎనిమిదో ఏట సైన్యం వదిలి కర్ణాటకలో హాసన్ దగ్గర పొలం చేశారు, పట్టుపురుగులు పెంచారు. పర్యావరణానికి మేలుచేసే సాగుకు 1996లో రోలెక్స్ అవార్డు వచ్చింది. తర్వాత హెలికాప్టర్ల కంపెనీ, 2003లో ఎయిర్ డెక్కన్ విమాన సంస్థ. మన ఊరితో ముడి ఉన్న సంగతి ఇది: ఆరంభ వేడుకగా హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరబోయిన విమానం ఇంజనుకు బేగంపేటలో మంటలంటుకున్నాయి, ప్రయాణికుల్లో వెంకయ్య నాయుడు కూడా ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు. అలాంటి ఆరంభం తర్వాత కూడా సంస్థ నిలబడి చిన్న పట్టణాలకు విమానాలు నడిపింది, చివరికి కింగ్‌ఫిషర్ చేతికి వెళ్లింది. సైన్యం వదలడానికీ విమానాల కంపెనీకీ మధ్య గడిచిన పాతికేళ్లను సెమినారులో వదిలేయకు. ఆయన వ్యాపారం నేర్చుకున్నది ఆ పొలంలోనే.

రెండోవారు అన్నా హజారే. సైన్యంలో ట్రక్కు డ్రైవరు. 1975లో మహారాష్ట్రలోని సొంతూరు రాలేగణ్ సిద్ధికి వచ్చారు. గుడి బాగుచేయడంతో మొదలుపెట్టి, వాన నీటిని ఆపే కట్టలు, ఇంకుడు చెరువుల మీద ఊరంతటినీ కూడగట్టారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. తన బతుకుకు ఆర్మీ పెన్షన్ ఉండడం వల్ల ఊరి పనిలోంచి జీతం తీసుకోవాల్సిన అవసరం రాలేదు. సేవలోకి వచ్చే మాజీ సైనికుడికి ఉన్న అసలు బలం అదే.

ప్రశ్న: మేం ఐదుగురం బ్యాచ్‌మేట్లం. వ్యాపారాల్లో కాస్త నిలదొక్కుకున్నాం. పల్లెటూరి కుర్రాళ్లకు అగ్నివీర్ ఎంపికకు ఉచితంగా శిక్షణ ఇద్దామనుకుంటున్నాం. ట్రస్టు పెట్టాలా, సొసైటీయా? కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు వస్తుందా? - ఒక మాజీ సుబేదారు, గుంటూరు

జవాబు: ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కావాలి. మీరు ఐదుగురే కాబట్టి ట్రస్టు లేదా సెక్షన్ 8 కంపెనీ (లాభం కోసం కాని కంపెనీ). తేలికైనది ట్రస్టు: సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో డీడ్ రిజిస్టరు చేయించి, ట్రస్టు పేరున పాన్, బ్యాంకు ఖాతా తెరవండి. ఎవరో పాత డీడ్ నకలు ఇస్తే కాపీ కొట్టకండి. "ఈ ట్రస్టు రద్దు చేయరానిది", "మూతపడితే ఆస్తులు ఇలాంటి మరో సేవా సంస్థకే పోతాయి" అన్న రెండు వాక్యాలు లేకపోతే పన్ను మినహాయింపు దరఖాస్తు తిరిగొస్తుంది. 12ఏ, 80జీ అని అందరూ పిలిచే ఆ నమోదులు మొదట తాత్కాలికంగా ఇస్తారు. నగదు రూపంలో 2,000 దాటిన విరాళానికి దాతకు మినహాయింపు రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానే తీసుకోండి.

సీఎస్ఆర్ మీద ఇప్పుడే ఆశ పెట్టుకోకండి. కంపెనీలతో సంబంధం లేని సంస్థకు మూడేళ్ల పని చూపించాలి, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదుండాలి. ఆ మూడేళ్లూ మీ ఐదుగురి డబ్బుతోనే నడవాలి. అందుకే నలభై మందితో కాక పదిహేను మందితో మొదలుపెట్టండి. హాజరు, ఫొటోలు, బిల్లులు, ఆడిట్ రిపోర్టు మొదటి నెల నుంచే ఫైలు చేయండి. మూడో ఏడాది కూర్చుని పాత బిల్లులు వెతికితే దొరకవు.

ఇక శిక్షణ. ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, అందులో నెగ్గితేనే పరుగు. చాలా చోట్ల కుర్రాళ్లను పొద్దున్నే పరుగెత్తించి, లెక్కలు, జీకే వదిలేస్తున్నారు. వాళ్లు మైదానం దాకా రాకుండానే ఆగిపోతున్నారు. రోజుకు గంటన్నర రాతపరీక్షకే కేటాయించండి. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తి మార్కులు. 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండు 82 సెకన్లు. మొదటి రౌండు 70లో కొట్టి నాలుగో దాంట్లో కూలబడడం అందరూ చేసే పొరపాటు. స్టాప్‌వాచ్‌తో రౌండు రౌండుకూ టైము అరిచి చెప్పే మనిషి ఉండాలి. తారు రోడ్డు మీద అరిగిన బూట్లతో రోజూ పరుగెత్తిస్తే మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది, ఆరు వారాలు పోతాయి. మట్టి మైదానం చూడండి, వారానికి రెండు రోజులు పరుగు ఆపి పుల్-అప్స్ చేయించండి. పూర్తి మార్కులకు అవి పది చేయాలి.

ఎవరి దగ్గరా ఫీజు గానీ, డిపాజిట్ గానీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ తీసుకోకండి. ఉద్యోగం ఖాయమన్న మాట మీ బోర్డు మీదా నోటా రాకూడదు. ర్యాలీ తేదీలు, నోటిఫికేషన్ కోసం కుర్రాళ్లను ఏజెంట్ల దగ్గరికి కాక గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసుకే పంపండి.