మోచెయ్యి నీదే కదే, మొహమాటం ఎందుకు?

చిన్నీ,

నేల మీద పడేసి పట్లు వేసే ఆ జియు-జిట్సు క్లాసులో చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సగం గర్వం, సగం టెన్షన్. "నువ్వు జూడో ఆడావు కదా అక్కా, దానికి నాలుగు ముక్కలు చెప్పు" అన్నాడు. నువ్వు పంపిన వీడియో చూశాను. అవతలి పిల్ల నీ చెయ్యి పట్టుకుని వెనక్కి వంచుతుంటే పళ్ళు బిగబట్టి, మొహం కందగడ్డలా చేసుకుని గింజుకుంటున్నావు చూడు, అక్కడ నా గుండె గుభేలుమంది. "ఓడాను, వదిలెయ్" అని చేత్తో తట్టి ట్యాప్ ఎందుకు చెయ్యలేదే?

నా కుడి చెయ్యి పూర్తిగా చాపలేనని నీకు తెలుసు. చిన్నప్పుడు "అత్తా, నీ చెయ్యి వంకర" అని నవ్వేదానివి. అది ఏ పెద్ద పోటీలోనో అయింది కాదు. మామూలు ప్రాక్టీసులో, నాకంటే ఆరు నెలలు వెనకాల చేరిన అమ్మాయి ఆర్మ్‌బార్, అంటే చెయ్యి చాపి మోచెయ్యి వెనక్కి విరిచే పట్టు, వేస్తే, దాని ముందు ట్యాప్ చెయ్యడం నామోషీ అనిపించి ఇంకో రెండు సెకన్లు ఓర్చుకున్నాను. టప్‌మని చప్పుడు. పాపం ఆ అమ్మాయే ఏడ్చింది. ఇప్పటికీ నిండు బకెట్టు ఎత్తినప్పుడల్లా ఆ రెండు సెకన్లు గుర్తొస్తాయి.

మీ క్లాసులో కిమురా కథ చెప్పే ఉంటారు. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా, బ్రెజిల్ జియు-జిట్సు వీరుడు హీలియో గ్రేసీ చేతిని మెలితిప్పి విరిచేశాడు. హీలియో ట్యాప్ చెయ్యలేదు, అన్న కార్లోస్ తువ్వాలు విసిరి ఆట ఆపించాడు. మేము ఉదె-గరామి అని నేర్చుకున్న ఆ పట్టుకి బ్రెజిల్ వాళ్ళు గెలిచినవాడి పేరే పెట్టుకున్నారు, అది నాకు భలే నచ్చుతుంది. కానీ హీలియో వెనక ఒక వంశం పరువుంది, స్టేడియం నిండా జనం ఉన్నారు. నీకు సోమవారం పొద్దున ఆఫీసులో కీబోర్డు ఉంది.

సరే, ఇక నువ్వు పట్టు వేసేటప్పటి సంగతి. చేతుల బలంతో లాగుతున్నావు, అందుకే నీకు ఆర్మ్‌బార్ పడట్లేదు. గునపం కింద చిన్న రాయి పెట్టి బండ లేపుతారు చూడు, అదే లెక్క ఇక్కడా. వాళ్ళ చెయ్యి గునపం, నీ నడుం ఆ రాయి. ముందు నీ నడుం వాళ్ళ భుజానికి ఆనించు, ఖాళీ ఉంటే మోచెయ్యి జారి బయటికి వెళ్ళిపోతుంది. మోకాళ్ళు రెండూ దగ్గరగా నొక్కి, వాళ్ళ మణికట్టుని నీ గుండెలకి హత్తుకుని, వాళ్ళ బొటనవేలు పైకి ఉండేలా చూసుకుని, అప్పుడు మెల్లగా నడుం ఎత్తు. మెల్లగా అన్నాను. ఆ చివరి అంగుళంలో వాళ్ళకి ట్యాప్ చేసేంత టైమివ్వాలి, లేకపోతే రెండు వారాల్లో నీతో ఆడటానికి ఎవరూ రారు.

వెల్లకిలా పడితే ఓడిపోయాననుకోకు. కుస్తీలో వీపు నేలకి ఆనితే ఆట అయిపోయినట్టే, అందుకే మీ తాతయ్యకి మీ ఆట బుర్రకెక్కదు. మీకు అక్కడి నుంచే ఆట మొదలు, కాళ్ళతో వాళ్ళ నడుం బిగించి గార్డ్‌లో పెట్టుకుంటే కింద ఉండి కూడా పట్టు వెయ్యొచ్చు.

హీల్ హుక్ జోలికి మాత్రం ఇప్పుడే పోకు. మా జూడో పోటీల్లో మోచేతి మీద తప్ప ఇంకే కీలు మీదా పట్టు వెయ్యనివ్వరు, ఆ నియమం విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది. హీల్ హుక్‌లో తిప్పేది మడమనే అయినా తెగేది మోకాలి లిగమెంట్లు. మోచెయ్యి నొప్పితో ముందే హెచ్చరిస్తుంది, మోకాలు అంత మర్యాద చూపించదు, నొప్పి తెలిసేసరికే పని అయిపోయి ఉంటుంది. మీ పెద్ద పోటీల్లో కూడా దాన్ని బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దవాళ్ళకే, అదీ గీ అనే ఆ మందపాటి కోటు లేకుండా ఆడే నో-గీ ఆటలోనే వదిలారు. ఎవరైనా సరదాకి నీ మడమ పట్టుకుంటే దొర్లి తప్పించుకోవాలని చూడకు, వెంటనే ట్యాప్ చెయ్.

మెడ పట్టు కూడా అంతే. మెడకి రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకుంటే కొద్ది సెకన్లలోనే కళ్ళు తిరిగి పడిపోతావు. చేతులు ఇరుక్కుంటే నోటితో "ట్యాప్" అని అరిచెయ్, లేదా కాలితో మ్యాట్ మీద కొట్టు.

ఇంకొకటి, ముక్కుపుడక, ఉంగరాలు తీసేసి ఇంట్లో పెట్టి వెళ్ళు, గోళ్ళు కత్తిరించుకో. వచ్చే వారం ఇంకో వీడియో పంపు, నువ్వు గెలిచింది కాదు, ట్యాప్ చేసింది. మీ నాన్నకి నేను చూపించనులే.

అత్త