వార్డులో ఎవరికి ప్రమాదం ఎక్కువో తెలియాలంటే ముందు ఊపిరి లెక్కపెట్టండి

డ్యూటీలో కొత్తగా చేరానని, రాత్రి షిఫ్టులో 20 మందిని చూసుకోవాలని, వాళ్లలో ఎవరి పరిస్థితి విషమించబోతోందో ముందే ఎలా కనిపెట్టాలని అడిగారు. నేను 14 ఏళ్లుగా మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. నా అనుభవంలో తెలిసింది చెబుతాను.

అన్నిటికంటే ముందు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషం నిండా. బీపీకి మిషన్ ఉంది, పల్స్‌కీ ఆక్సిజన్‌కీ వేలికి పెట్టే క్లిప్ ఉంది, జ్వరానికి థర్మామీటర్ ఉంది. ఊపిరికి మాత్రం చాలా వార్డుల్లో మన కళ్లే దిక్కు. అందుకే చార్టులో ఆ గడి నిండా 18, 18, 18 అని కనిపిస్తుంది. పని ఒత్తిడిలో నేనూ అలా రాసినదాన్నే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో చేరిన ఒక పెద్దావిడ, వయసు 70 దాటింది. రాత్రి 2 గంటలకు చూస్తే పై బీపీ 108, పల్స్ 84, ఆక్సిజన్ 95, జ్వరం లేదు. ఊపిరి 18 అని రాసేసి పక్క మంచం వైపు తిరిగాను. "సిస్టర్, అమ్మ ఎందుకో నన్ను మా పిన్ని పేరుతో పిలుస్తోంది" అంది వాళ్లమ్మాయి. నిద్రమత్తేమోలెండి అనబోయి, ఆ అమ్మాయి ముఖం చూసి ఆగిపోయాను. దుప్పటి తీసి, పొట్ట మీద చెయ్యి ఆనించి, గడియారం చూస్తూ లెక్కపెట్టాను. 26. ప్రతి ఊపిరికీ మెడ దగ్గర కండరాలు లాగుతున్నాయి.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్2 అనే స్కోరు ఉంది. ఊపిరి, బీపీ, పల్స్ లాంటివి మామూలు నుంచి ఎంత తప్పితే అన్ని మార్కులు వేసి, రోగికి ప్రమాదం ఎంతో చెబుతుంది. దాని ప్రకారం చూడండి. నేను ముందు రాసిన అంకెలతో బీపీకి 1, ఆక్సిజన్‌కి 1, మొత్తం 2. అంటే కంగారేమీ లేనట్టే. ఊపిరి 25 లేదా ఆపైన ఉంటే 3, కొత్తగా వచ్చిన తికమకకి ఇంకో 3. ముందున్న 2తో కలిపి మొత్తం 8. స్కోరు 7 దగ్గర నుంచే అత్యవసరం కింద లెక్క. వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలిచాను. సెప్సిస్ అన్నారు, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి. యాంటీబయాటిక్, సెలైన్ మొదలుపెట్టి ఐసీయూకి మార్చారు. ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్లారు. కానీ నేను చూడకుండా రాసిన ఆ 18 ఈరోజుకీ నన్ను వదల్లేదు.

పల్స్ ఎందుకు పెరగలేదని తర్వాత కేస్ షీట్ తిరగేశాను. ఆవిడ బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. ఆ రకం మందులు పల్స్‌ని పెరగనివ్వవు. పెద్దవయసులో ఇన్‌ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు. ఇక బీపీ 108 అంటే మామూలే కదా అనిపిస్తుంది, కానీ ఆవిడకి ఎప్పుడూ ఉండేది 150. మనిషికి మామూలుగా ఉండే బీపీ నుంచి 40కి మించి పడిపోయిందంటే, అంకె ఎంత బాగున్నా భయపడాల్సిందే. అందుకే డ్యూటీ తీసుకునేటప్పుడు ఒక్కొక్కరి మందుల లిస్టు, చేరిన రోజు బీపీ చూసుకోండి. స్టెరాయిడ్స్ వాడేవాళ్లకి జ్వరం పైకి కనపడకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు, ఒట్టి ఆయాసం, చెమటలు ఉన్నా వదిలేయకండి. చర్మం నల్లగా ఉన్నవాళ్లకి వేలి క్లిప్ ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. యూరిన్ బ్యాగ్‌లో మూత్రం తగ్గిందేమో కూడా ఓసారి చూడండి.

ఇంకో మాట. ఈ స్కోరు 16 ఏళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి వాడకూడదు. వాళ్లకి వేరే చార్టులున్నాయి.

ఇంట్లోవాళ్లు "మనిషి మనిషిలా లేడు" అంటే దాన్ని ఒక లక్షణంగానే తీసుకోండి. రోజూ చూసే వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు. ఆ రాత్రి ముందు కనిపెట్టింది ఆ అమ్మాయే, నేను కాదు.

డాక్టర్‌కి ఫోన్ చేసేటప్పుడు "ఎందుకో బాగాలేదు సార్" అనకుండా "ఊపిరి 26, కొత్తగా తికమక, స్కోరు 8, మీరు వచ్చి చూడాలి" అనండి. నిద్రలేపుతున్నామని సంకోచించకండి. స్కోరు 5 లేదా 6 ఉన్నా, ఏ ఒక్కదానికైనా 3 వచ్చినా కనీసం గంటకోసారి చూడాలి. 7 దాకా వచ్చినవాళ్ల మంచం దగ్గరే ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.