వరదలో కలిశాం, తెరిపిచ్చాక విడిపోయాం

ప్రశ్న: టీచరమ్మా, మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన పల్లె. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు మా వీధిలో పదకొండు ఇళ్లవాళ్లం ఒకే మిద్దె మీద రెండు రాత్రులున్నాం. ఒకే తపేలాలో గంజి కాచుకున్నాం. ఇక మీదట ఇట్లానే ఉందామనుకున్నాం. ఇప్పుడేమో మురుగుకాలువ దగ్గర గొడవపడి రెండిళ్లకు మాటల్లేవు. కష్టమొస్తే మనుషులు మారతారంటారే, మేమెందుకు మారలేదు?
- ఒక గృహిణి

జవాబు: మారలేదని ఎవరన్నారు తల్లీ? ఆ రెండు రాత్రులూ మారారు. ఆ మార్పుని ఒక గుంజకి కట్టేసుకోలేదు, అంతే.

1991లో నేను అక్షరదీపంలో, అంటే మన జిల్లాలో పెద్దవాళ్లకి చదువు నేర్పే కార్యక్రమంలో, వాలంటీరుని. ఆడవాళ్లు కూలికి పోయొచ్చి, వంట ముగించి, రాత్రి పలక పట్టుకుని కూర్చునేవాళ్లు. 'సా'తో ఒక మాట రాయమంటే ఒకామె 'సారా' అని రాసింది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. 1992లో మన జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు సారాని అడ్డుకున్నారు. వాళ్లకి ముందు నిలిచిన రోశమ్మ పేరు మీరూ వినే ఉంటారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995లో సంపూర్ణ మద్య నిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారు.

ఎవరూ ఎత్తేయలేనిది ఒకటి మిగిలింది. అప్పట్లోనే మన జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి లెక్కన పొదుపు మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి అనేవాళ్లం. మా గుంపు లెక్కల పుస్తకం పాలిథిన్ కవరు చుట్టి బియ్యం డబ్బాలో దాచేవాళ్లం. పొట్లాడుకున్నవాళ్లు కూడా ఆ తారీఖుకి వచ్చి, ముప్పై రూపాయలు అరుగు మీద పెట్టి, మొహం తిప్పుకుని పోయేవాళ్లు. వచ్చారు కదా, అది చాలు నాకు. 2020లో కరోనాకి మాస్కులు కుట్టమన్నప్పుడు సర్కారు వెతుక్కుంటూ వెళ్లింది ఇలాంటి పొదుపు సంఘాల దగ్గరికే.

అందుకే మీ వీధివాళ్లని ప్రేమగా ఉండమని చెప్పను. (మా తోడికోడలూ నేనూ మాట్లాడుకుని ఆరేళ్లయింది, నేనేం చెప్పేది!) ఒక నోట్‌బుక్ కొనండి. ఆ మిద్దె తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, మంచంలో ఉన్న పెద్దవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, షుగరు ఇంజెక్షన్లు ఎవరికి కావాలి, అన్నీ రాయండి. కాలువ పూడిక తీయించడానికి ఇంటికెంతో ఆ లెక్క కూడా అందులోనే. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి. వినాయక చవితి చందాకి ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతారు, అప్పుడే మొదలుపెట్టండి. మాటల్లేని ఆ రెండిళ్లకీ ముందు మీరే వెళ్లండి.

పుస్తకం మాత్రం కింద బీరువాలో వద్దు. మిద్దె మీద గదిలో పెట్టండి.