పక్కనే క్యాన్సర్ ఆసుపత్రి కడుతున్నారు, ఫ్లాట్ అమ్ముకోవాలా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ప్రహరీని ఆనుకుని క్యాన్సర్ ఆసుపత్రి వస్తోంది. రేడియేషన్ ఇచ్చే గది మా వైపే ఉంటుందట. చిన్నపిల్లలున్న ఇల్లు. ఫ్లాట్ అమ్మేసి వెళ్లిపోవడం మంచిదా?

అమ్మకండి. వేరే కారణం ఉంటే మీ ఇష్టం, ఈ కారణానికి మాత్రం వద్దు.

నేను సివిల్ ఇంజినీరుని. కోస్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి లినాక్ బంకర్, అంటే క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే మిషన్ పెట్టే మందపాటి గోడల గది, కట్టినప్పుడు సైట్ నా చేతిలోనే ఉంది. ఆ గది గోడను నమ్మినంతగా మీ అపార్ట్‌మెంట్ పిల్లర్లను నమ్మను. మన బిల్డర్లు సెంట్రింగ్ ఎప్పుడు ఊడదీస్తారో, క్యూరింగ్‌కి నీళ్లు ఎన్నాళ్లు కొడతారో చూసినవాణ్ణి కదా.

లెక్క చెబుతా. 6 ఎంవీ (మెగావోల్టులు, అంటే కిరణాల జోరు) లినాక్ కిరణాలు సుమారు 35 సెంటీమీటర్ల కాంక్రీటు దాటేసరికి పదో వంతుకి పడిపోతాయి. ఇంకో 35 దాటితే అందులో మళ్లీ పదో వంతు. కిరణం నేరుగా తగిలే గోడ రెండు మీటర్లు, ఆ పైనే ఉంటుంది. అంటే బయటికి వచ్చేది దాదాపు పది లక్షల్లో ఒక వంతు. మిషన్ తల నుంచి చుట్టూ లీకయ్యేది అసలు కిరణంలో వెయ్యో వంతుకి మించకూడదు కాబట్టి పక్క గోడలు మీటరు పైచిలుకుంటే సరిపోతుంది. ఇంత చేసేది బయట తిరిగే మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) దాటకూడదన్న హద్దు కోసం. మట్టి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి వచ్చేదే 2.4. ఇది ఆసుపత్రివాళ్ల దయాదాక్షిణ్యం మీద నడిచే వ్యవహారం కూడా కాదు. ముంబైలోని ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) ముందు ప్లాన్ చూసి ఒప్పుకోవాలి, కట్టాక కొలిచి చూపించాలి, అప్పుడే మిషన్ నడపడానికి లైసెన్సు.

మా దగ్గర ఏఈఆర్‌బీ కంటే ముందు వాస్తు సిద్ధాంతిగారు ప్లాన్ చూశారు. ఈశాన్యంలో అంత బరువు పనికిరాదు, నైరుతిలోనే పెట్టాలన్నారు. ఆర్కిటెక్ట్ తల పట్టుకున్నాడు. అదృష్టవశాత్తూ నైరుతి మూల పక్కన రోడ్డు తప్ప ఏమీ లేదు కాబట్టి రెండు శాస్త్రాలూ కలిశాయి. ఆ చర్చకి పోయిన టైములో సగం పెట్టినా పేషెంట్ల వెంట వచ్చేవాళ్లకి నాలుగు కుర్చీలు వేసే చోటు దొరికేది. ఇప్పటికీ అక్కడ రేడియేషన్‌కి తీసుకొచ్చినవాళ్లు మెట్ల మీదే కూర్చుంటారు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. భయపడాల్సింది గోడ మందం గురించి కాదు, గోడ కట్టాక పెట్టే కన్నాల గురించి.

మా సైట్‌కి ఒక మెడికల్ ఫిజిసిస్ట్ (ఆసుపత్రిలో రేడియేషన్ లెక్కలు చూసే నిపుణురాలు) మేడమ్ వచ్చేవారు. మేమందరం కాంక్రీటు క్యూబులు ఎంత ఒత్తిడికి పగులుతున్నాయో రాసుకుంటుంటే, ఆవిడ వాటిని కాటా మీద పెట్టి తూచేవారు. 15 సెంటీమీటర్ల క్యూబు ఎనిమిది కిలోలకి మరీ తగ్గితే ఒప్పుకునేవారు కాదు. ఎంత గట్టిగా ఉన్నా ఆవిడకి అనవసరం, కిరణాలని ఆపేది బరువు కాబట్టి సాంద్రత 2.35 (నీళ్లకి 2.35 రెట్లు) ఉండాలి. మా మేస్త్రి వెనకనుంచి "కూరగాయల మేడమ్" అనేవాడు.

షట్టరింగ్ తీశాక ఏసీవాళ్లు దిగారు. ఎప్పటిలాగే వాళ్ల డ్రాయింగు కాంక్రీటు పడ్డాక వచ్చింది. మన దేశంలో ఏసీ, కరెంటు డ్రాయింగులు ముందు వచ్చిన సైట్ నేనింతవరకు చూడలేదు. కోర్ కటింగ్ కుర్రాడు పక్క గోడ మీద, ఛాతీ ఎత్తున, సుద్దతో గుండ్రంగా గీసి మిషన్ బిగించాడు. పైపు ఇవతలి నుంచి అవతలికి తిన్నగా పోతే రాగి తక్కువ పడుతుందని వాళ్ల లెక్క. నీళ్ల పైపు తగిలిస్తుండగా మేడమ్ వచ్చారు.

"బాబూ, అది ఆపు."

"చిన్న బొక్కే మేడమ్. నాలుగంగుళాలు. అరగంటలో అయిపోద్ది."

ఆవిడ కోప్పడలేదు. కుర్రాణ్ణి లోపలికి తీసుకెళ్లి, రేపు మిషన్ తల ఉండబోయే చోట నిలబెట్టారు. తర్వాత వెనక గదిలోకి నడిపించి, నేల మీద సుద్దతోనే ఒక కుర్చీ గీశారు. "ఇది బిల్లింగ్. ఇక్కడ ఒకమ్మాయి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటుంది. అక్కడి నుంచి ఇక్కడికి తిన్నగా చూడు. నీ కన్నం ఎక్కడికొస్తుంది?" వాడు చూశాడు. గీసిన కుర్చీలో మనిషి కూర్చుంటే సరిగ్గా తల దగ్గరికి వస్తుంది. మాట్లాడకుండా బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. ఏసీ కాంట్రాక్టరు మాత్రం ఎక్స్‌ట్రా రాగి డబ్బులు ఎవరిస్తారని మా ఆఫీసులో చాలాసేపు అరిచాడు.

చివరికి పైపులు మేజ్ లోంచి, తలుపు పైనుంచి తెచ్చారు. లోపలికి వెళ్లే ఆ మలుపు దారినే మేజ్ అంటారు. కిరణాలు గోడకి కొట్టుకుని, మళ్లీ కొట్టుకుని తలుపు దగ్గరికి చేరేసరికి వాటిలో పస ఉండదు, అందుకే కన్నం అక్కడైతే పర్వాలేదు. మిషన్ పెట్టాక మేడమ్ సర్వే మీటరు పట్టుకుని బిల్లింగ్ గదిలో తిరిగారు. మిషన్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా రీడింగు ఒకటే.

భయం ఊరికే పుట్టలేదనుకోండి. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, మూసేసిన క్లినిక్‌లో వదిలేసిన రేడియోధార్మిక సీజియం నలుగురి ప్రాణం తీసింది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్ ఒకరి ప్రాణం తీసింది. రెండు చోట్లా దోషం గోడలది కాదు, పాత సామాను పట్టించుకోనివాళ్లది. కోబాల్ట్, సీజియం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. లినాక్ అలా కాదు, స్విచ్ ఆపిన ట్యూబ్‌లైట్ లాంటిది. కరెంటు పోతే రేడియేషనూ పోతుంది.

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్‌కి లినాక్ మీదే రేడియేషన్ ఇచ్చారు. ఇంటికొచ్చాక వాట్సాప్ చదివిన కోడలు పసివాణ్ణి ఆవిడ దగ్గరికి పోనివ్వలేదు. బయటినుంచి కిరణాలు పెట్టించుకున్న మనిషి ఒంట్లో ఏమీ మిగలదు, ఆ బిడ్డని ముద్దాడితే ఏమీ కాదు. ఈ మాట వరండాలో ఒక బోర్డు మీద తెలుగులో రాసి పెట్టడానికి ఏ ఆసుపత్రికైనా ఎంత ఖర్చవుతుంది? బంకర్‌కి కోట్లు పోస్తారు, బోర్డుకి మనసు రాదు.

థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చే రేడియోధార్మిక అయోడిన్ మందు సంగతి వేరు. అది తాగినవాళ్లని కొన్నాళ్లు విడిగా ఉంచుతారు, వాళ్ల టాయిలెట్ నీళ్లని డిలే ట్యాంకుల్లో ఆపి, జోరు తగ్గాకే వదలాలి. ఆ జోరు ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. మీ అసోసియేషన్ తరఫున అడగదలచుకుంటే అడగండి: అయోడిన్ వార్డు ఉందా, ట్యాంకులు ఎక్కడ, ఆర్ఎస్ఓ (రేడియేషన్ భద్రత చూసే అధికారి) ఎవరు?

పనిలో పనిగా జనరేటర్ పొగగొట్టం ఎటు పెడుతున్నారో, పార్కింగ్‌కి ఎన్ని సెల్లార్లు తవ్వుతున్నారో కూడా కనుక్కోండి. ఆసుపత్రి పక్కన ఇళ్లున్నవాళ్లు ఏడ్చేది వాటికే. స్లాబు పడకముందే అడగాలి, పడ్డాక ఎవరూ మార్చరు.